పదకొండు మీటర్ల తాడు

ఆ ఏడాది మా ఊళ్ళో ఉన్న అందర్నీ, చంటిపిల్లలతో సహా, తీసుకొచ్చి గ్రౌండ్ స్టాండులో కూర్చోబెట్టినా ఇంకా నాలుగు వరసలు ఖాళీగా మిగిలేవి. అయినా మేం దేశంలో మొదటి డివిజన్ ఫుట్‌బాల్ ఆడుతున్నాం. మా మీద ఆడటానికి వచ్చే ఊళ్ళకి విమానాశ్రయాలుండేవి. మాకు ఒక బస్టాపుండేది. చెయ్యెత్తితే ఆగేది, లేకపోతే వెళ్ళిపోయేది.

జట్టులో మా ఇంటి వాటా కాస్త ఎక్కువే. అన్న ముందు వరసలో ఆడతాడు, పెనాల్టీలన్నీ వాడే కొడతాడు. మిగతా రోజుల్లో కరెంటు పని. నాన్న ముప్పై ఏళ్ళుగా గ్రౌండ్ చూసుకుంటున్నాడు. గడ్డి కోయడం, గుంటలు పూడ్చడం, సున్నంతో గీతలు గీయడం అన్నీ ఆయనే. అమ్మ మిషన్ మీద జెర్సీలకి నంబర్లు కుడుతుంది, మ్యాచ్ అయ్యాక వాటిని ఉతుకుతుంది. నేను కంప్యూటర్లు చదివి, ఇంట్లో కూర్చుని ఒక కంపెనీకి పని చేస్తూ, తీరికున్నప్పుడు క్లబ్బు మ్యాచ్‌ల వీడియోలు ముక్కలు చేసి లెక్కలు తీస్తాను. ఈ నాలుగింటిలో మొదటి మూడూ పనులని నాన్న అభిప్రాయం.

సీజన్‌లో ఒక్క మ్యాచ్ మిగిలింది. శనివారం, మా గ్రౌండ్‌లోనే. డ్రా చేసుకుంటే మొదటి డివిజన్‌లో ఉంటాం. ఓడితే రెండో డివిజన్‌కి దిగిపోతాం. అలాంటి వారానికి ముందు శనివారం, పరాయి ఊళ్ళో, అన్న పెనాల్టీ మిస్ చేశాడు. అది వరసగా మూడోది. మూడూ బయటి ఊళ్ళలోనే. మూడూ గోల్ మీది అడ్డకమ్మీకి, బార్‌కి, తగిలి పైకి లేచినవే. వాటిలో ఏ రెండు లోపల పడ్డా మాకు ఈ చివరి మ్యాచ్ బాధే ఉండేది కాదు.

మా ఊళ్ళో పేరు పడితే పోదు. పోస్ట్‌మాన్‌ని చిన్నప్పుడెప్పుడో మేక తరిమిందట. ఇప్పుడాయనకి మనవలు. ఇంకా అందరూ మేక అనే పిలుస్తారు. అన్నకి ఆదివారం పొద్దున్నకల్లా రాకెట్ అని పేరొచ్చేసింది.

"తిను," అంది అమ్మ, వాడి ముందు పళ్ళెం పెట్టి.

"ఆకలి లేదు."

"పాలవాడు ఏమన్నా అన్నాడా?"

"అన్లేదు. పాలు పోస్తూ పైకి చూశాడు. అంతే."

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. పూర్తిగా కాదు.

"నవ్వవే, నవ్వు. నీ కంప్యూటర్‌ని అడుగు, మీ అన్న కాలికేం రోగమొచ్చిందో."

"మాస్టారు కాలు కాదు, తల అంటున్నారుగా," అన్నాను. మాస్టారంటే మా కోచ్. బళ్ళో డ్రిల్లు చెప్పేవారు. ఆయన దృష్టిలో జలుబు దగ్గర్నించి మోకాలి నొప్పి దాకా అన్నీ తలలోనే ఉంటాయి.

అప్పుడే కిటికీ దగ్గరకి గోడ వచ్చాడు. గోడ మా కీపర్. తాపీ పని చేస్తాడు. ఆ పేరు చేసే పని వల్ల వచ్చిందో ఆట వల్ల వచ్చిందో వాడికే గుర్తులేదు.

"చెల్లెమ్మా, లెక్కలు తీసేటప్పుడు నా సంగతి కూడా కాస్త చూడు. మన గ్రౌండ్‌లో పెనాల్టీ పడితే నా చెయ్యి వెళ్ళేలోపే బంతి వెళ్ళిపోతోంది. ఒట్టు. బయట ఇలా లేదు."

"నువ్వు గోడవి కాదురా," అన్నాడు అన్న, పొద్దుట్నించీ మొదటిసారి నవ్వుతూ. "గేటువి."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. ఇద్దరు మనుషులు రెండు వేరువేరు రోగాలు చెప్పుకుంటున్నారు. కానీ రెండిటికీ మందు ఒకే చోట దొరికేలా ఉంది.

మధ్యాహ్నం లాప్‌టాప్ తెరిచాను. లెక్క చిన్నదే. ఈ సీజన్ మధ్యలో ఒక వారమంతా వానలు పడ్డాయి. ఆ వారానికి ముందు అన్న రెండు పెనాల్టీలు కొట్టాడు, మా గ్రౌండ్‌లో ఒకటి, బయట ఒకటి. రెండూ గోల్. వానల తర్వాత మా గ్రౌండ్‌లో మూడు, మూడూ గోల్. బయట మూడు, మూడూ బార్ మీంచి. ఎదుటి జట్లు వానల తర్వాత మా గ్రౌండ్‌లో మూడు కొట్టాయి. మూడూ గోల్. అంటే మా గ్రౌండ్‌లో పెనాల్టీ అంటే చాలు, ఎవరు కొట్టినా లోపలే.

తలలో లోపముంటే అది గ్రౌండ్ మారినప్పుడల్లా మారదు. నేను మనుషుల్ని వదిలేసి గడ్డిని చూడటం మొదలుపెట్టాను.

గోల్ ముందు చిన్న బాక్స్ ఉంటుంది కదా, ఆ గీత గోల్‌కి అయిదున్నర మీటర్ల దూరం. పెనాల్టీకి బంతి పెట్టే చుక్క పదకొండు. అంటే చిన్న బాక్స్ గీత గోల్‌కీ చుక్కకీ సరిగ్గా మధ్యలో ఉండాలి. బయటి గ్రౌండ్ల వీడియోలన్నిటిలో మధ్యలోనే ఉంది. మాదాంట్లో లేదు. చుక్క కాస్త ముందుకి జరిగి కూర్చున్నట్టుంది, సినిమా సరిగ్గా కనబడక ముందు వరసలోకి జరిగినవాడిలా.

కెమెరా కోణం అనుకున్నాను. ఇంకో మ్యాచ్ పెట్టాను. ఇంకోటి. నాలుగోదానికి లాప్‌టాప్ మూసేశాను.

మా నాన్న గీసిన గీత తప్పని మా ఊళ్ళో అనగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు. మా ఇంట్లో పుట్టిందేమోనని అనుమానం రావడం నాకేం బాగాలేదు.

*

సోమవారం మధ్యాహ్నం నాన్న భోజనానికి వెళ్ళిన టైము చూసుకుని గ్రౌండ్‌కి వెళ్ళాను. అమ్మ కుట్టుపెట్టెలోంచి టేపు తీసుకెళ్ళాను. దర్జీ టేపు ఒకటిన్నర మీటరే ఉంటుంది. పదకొండు మీటర్లు కొలవాలంటే ఏడు సార్లు పెట్టి, ఇంకా కాస్త. ఇంజనీరింగ్ చదివిన మనిషిని మోకాళ్ళ మీద పాకుతూ, గోల్ గీత నుంచి ఒక్కొక్క పుల్ల గుచ్చుకుంటూ వెళ్తున్నాను. ఏడో పుల్ల గుచ్చేసరికి చుక్క నా చెయ్యి కిందే ఉంది.

ఏడు ఒకటిన్నరలు పదిన్నర. ఇంకో అర మీటరు పోవాల్సింది. నాకు మిగిలింది అయిదు సెంటీమీటర్లు.

"గడ్డికి గౌను కుడుతున్నావా?"

నాన్న. భోజనం అంత తొందరగా ఎలా అయిందో. లేచి నిలబడ్డాను. మోకాళ్ళ మీద రెండు పచ్చటి మరకలు.

"నాన్నా, నువ్వు చుక్క ఎలా పెడతావు?"

"ఎలా పెడతానేంటి? తాడుతో."

గీతలకి తాడు అక్కర్లేదు. పాత గీత గడ్డిలో కనబడుతూనే ఉంటుంది, దాని మీదే సున్నం పోస్తే చాలు. చుక్క అలా కాదు. ప్రతి మ్యాచ్‌కీ అక్కడ కాళ్ళతో తవ్వేస్తారు. నాన్న దాన్ని మట్టితో పూడ్చి, గడ్డి ముక్క తెచ్చి అతికించి, మళ్ళీ కొత్తగా కొలిచి పెట్టాలి. దానికోసం ఆయనకొక తాడుంది. ఒక చివర ఉచ్చు, ఇంకో చివర ఇత్తడి రింగు. ఉచ్చు గోల్ గీత మీద మేకుకి తగిలించి, తాడు బిగలాగితే రింగు పడ్డచోట చుక్క. ముప్పై ఏళ్ళుగా అదే తాడు. సీజన్ మొదట్లో లీగ్ వాళ్ళొచ్చి స్టీలు టేపుతో కొలిస్తే వెంట్రుకవాసి తేడా రాలేదు. ఆ సంగతి నాన్న మాకు నెలకొకసారి చెప్పేవాడు, మేం మర్చిపోయామేమోనని.

"ఒకసారి తాడు చూపిస్తావా?"

ఆయన నా మొహం చూశాడు, గుచ్చిన పుల్లలు చూశాడు. షెడ్డులోకెళ్ళి తాడు చుట్ట తెచ్చాడు. నిలబడే విప్పడం మొదలుపెట్టాడు. నాలుగు మీటర్ల దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

అక్కడొక ముడి ఉంది. దాని మీద నీలం దారంతో చుట్టూ కుట్టు. దగ్గర దగ్గరగా, ఒక్క పోగు బయటికి రాకుండా, ఎంత నీటుగా ఉందంటే చేత్తో తడిమితే గానీ ముడని తెలీదు. మా జెర్సీల మీద నంబర్లు కుట్టే నీలం దారం అది.

నాన్న ఆ కుట్టుని బొటనవేలితో రెండుసార్లు రాశాడు. తర్వాత ముడికి రెండు పక్కలా తాడు పట్టుకుని, ముడి తినేసిన పొడవెంతో తన మోచేతి మీద అంచనా కట్టుకున్నాడు.

"మూరెడు," అన్నాడు.

పుల్లలన్నీ ఒక్కొక్కటీ ఏరి నా చేతికిచ్చాడు. తాడు భుజాన వేసుకుని ఇంటి వైపు నడిచాడు.

*

అమ్మ మిషన్ ముందుంది. నాన్న తాడు తీసి మిషన్ పక్కన పెట్టాడు. అమ్మ కాలు తొక్కడం ఆపింది.

"వానల్లో," అంది. "ఎన్ని రోజులు పడ్డాయండీ ఆ వానలు? ఇరవై ఆరు జెర్సీలు, ఎక్కడారెయ్యను? షెడ్డులో ఈ తాడు కనిపిస్తే ఆ గోడ నుంచి ఈ గోడకి కట్టాను. తడి బరువుకి తెగింది. చివర్లు పీచు పీచుగా పోతే కత్తిరించి ముడేశాను. మళ్ళీ ఊడిపోతుందేమోనని కుట్టాను కూడా."

"చెప్పలేదేం?"

"ఏం చెప్పను? తాడు తెగిందా, ముడేశానా, గట్టిగా ఉందా. అయిపోయింది. మీరు దాంతో ఊరేదో కొలుస్తారని నాకేం తెలుసు, కట్టెలు కట్టుకుంటారనుకున్నాను."

ముప్పై ఏళ్ళ కాపురం. ఆయన చుక్క ఎలా పెడతాడో ఆవిడెప్పుడూ చూడలేదు. ఆవిడ జెర్సీలు ఎక్కడారేస్తుందో ఆయనెప్పుడూ అడగలేదు.

నేను లాప్‌టాప్ తెరిచి ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పాను. అన్న బంతిని ఎప్పుడూ బార్‌కి కాస్త కింద నుంచి పోయేలా కొడతాడు. అది వాడి షోకు. వానల తర్వాత రోజూ ఈ దగ్గర చుక్క మీంచే ప్రాక్టీస్ చేశాడు, కాలు దానికే అలవాటు పడిపోయింది. బయటికెళ్ళాక చుక్క మూరెడు వెనక. పైకి లేస్తున్న బంతి ఆ మూరెడులో ఇంకో బెత్తెడు లేస్తుంది. లోపల పడాల్సింది బార్‌కి తగులుతుంది.

"అంటే వాణ్ణి రాకెట్ చేసింది నేనా?" అంది అమ్మ.

నేనే మొదలుపెట్టాను. ఆ మాట నేనే అన్నానని ఇప్పటికీ గుర్తుంచుకుంటాను.

"నాన్నా, ఒక్క మ్యాచే మిగిలింది. అదీ ఇక్కడే. అన్న కాలు ఈ చుక్కకే అలవాటుంది. ఇప్పుడు మారిస్తే శనివారం పెనాల్టీ వస్తే ఖచ్చితంగా పోతుంది. అవతలి వాళ్ళు కొట్టినా ఈ చుక్క మీంచేగా, ఇద్దరికీ ఒకటే. శనివారం అయ్యాక మారుద్దాం."

నాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అమ్మ ఇచ్చిన టీ మొత్తం తాగాడు. గ్లాసు కింద పెట్టి నావైపు తిరిగాడు.

"శనివారం పొద్దున చుక్క పెట్టాలి. నువ్వొచ్చి చూపించు, ఎక్కడ పెట్టాలో. అక్కడే పెడతాను."

కోపంగా అన్లేదు. నిజంగానే అడిగాడు. నేను లాప్‌టాప్ మూసేశాను. స్క్రీన్ మీద అంకెలు చెప్పడం వేరు, సున్నం డబ్బా పట్టుకున్న మనిషికి వేలు పెట్టి చోటు చూపించడం వేరు.

ఆయన లేచాడు. అన్న పనిసంచీలోంచి స్టీలు టేపు తీసుకుని వెళ్ళిపోయాడు.

*

మంగళవారం ప్రాక్టీసుకి ముందు నాన్న జట్టుని గోల్ దగ్గరకి పిలిచాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ టోపీ లేకుండా ఆయన తల నేను బయట చూడటం అదే మొదలు.

"వానల్లో తాడు తెగింది. ముడి పడింది. ముడికి మూరెడు పోయింది. నేను చూసుకోలేదు. అప్పట్నించీ చుక్క దగ్గరగా పెడుతున్నాను. తప్పు నాది."

షెడ్డు గుమ్మంలో అమ్మ బట్టల బుట్టతో నిలబడి ఉంది. నోరు తెరిచింది.

"ఆ జెర్సీలు ఆరాయా?" అన్నాడు నాన్న, తిరిగి చూడకుండానే.

అమ్మ నోరు మూసుకుంది.

అన్న బంతి కింద పెట్టాడు. మొహం ఎర్రగా అయింది. "మూడు మ్యాచ్‌లు నాన్నా. ఊరంతా నన్ను చూసి ఆకాశం వైపు చూస్తున్నారు. మూడు మ్యాచ్‌లు!"

"అవును," అన్నాడు నాన్న.

అంతే. దానికి కారణాలు కలపలేదు. అన్న ఇంకేదో అనబోయి, ఆ ఒక్కమాట మీద ఏం కట్టాలో తెలీక ఆగిపోయాడు. మాస్టారు గొంతు సవరించుకుని, లీగ్‌కి ఉత్తరం తను రాస్తానన్నారు. గోడ మాత్రం మెల్లగా చెయ్యెత్తాడు, క్లాసులో లాగా.

"బాబాయ్, అంటే నా చేతులు పొట్టివి కావన్నమాట?"

అందరూ నవ్వారు. అన్న కూడా. తర్వాత వాడు బంతి తీసుకుని కొత్త చుక్క మీద పెట్టి, వెనక్కి అడుగులేస్తూ అన్నాడు, "నా కాలు బాగానే ఉందన్నమాట." అది ఎవరికీ కాదు, కాలికే చెప్పాడు.

మొదటి ఇరవై కిక్కుల్లో పదకొండు బార్ మీంచి వెళ్ళాయి. నాన్న గోల్ వెనక నిలబడి బంతులు ఏరి విసురుతూ, "బెత్తెడు దించు," అనేవాడు. "ఇంకో బెత్తెడు." ఆ వారంలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మాటలు దాదాపు అవే. శుక్రవారానికి నూట నలభై కిక్కులు. ఒక్కొక్కటీ నేను రాసుకున్నాను. చివరి నలభైలో ముప్పై ఏడు లోపల. ఇంక మాకు పెనాల్టీ ఇవ్వండి చాలు, అన్నట్టుంది నా గ్రాఫ్.

*

శనివారం స్టాండు నిండింది. పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చారు కాబట్టి. రెఫరీ గ్రౌండ్‌లోకి రాగానే నాన్న ఎదురెళ్ళి స్టీలు టేపు చేతిలో పెట్టాడు. ముప్పై ఏళ్ళలో ఎవర్నీ కొలవమని అడగని మనిషి. రెఫరీ రెండు వైపులా కొలిచి, "పదకొండు," అన్నాడు. నాన్న తలూపి టోపీ పెట్టుకున్నాడు.

నేను కెమెరా మంచె మీదున్నాను. ఎనభై అయిదు నిమిషాల దాకా సున్నా-సున్నా. మాకు పెనాల్టీ రాలేదు. రాలేదంటే అసలు వచ్చే సూచనే లేదు. నా నూట నలభై కిక్కుల లెక్క బ్యాగులో పడుకుని నిద్రపోతోంది.

ఎనభై ఆరో నిమిషంలో వాళ్ళకి మూల నుంచి కొట్టే కార్నర్ కిక్కు. కాపాడటానికి అన్న వెనక్కొచ్చాడు. బంతి గాల్లో తిరిగింది, ఎవరి తలకో తగిలి కిందకొచ్చింది, వాడి మోచేతిని తాకింది. రెఫరీ విజిల్ ఊది చుక్క వైపు చూపించాడు.

మా చుక్క. మా గ్రౌండ్. అన్న చెయ్యి. వాళ్ళ పెనాల్టీ.

స్టాండులో ఒక్కరు కూడా తిట్టలేదు. అది తిట్టడం కన్నా ఘోరంగా ఉంది. అన్న బాక్స్ బయట నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. రాకెట్ పేరు పోయి ఇంకో పేరు వస్తుంది, ఇది మనవల దాకా ఉంటుంది. నేను కెమెరా అటే తిప్పాను. గోల్ పక్కన నాన్న కనిపించాడు. అందరూ కీపర్‌నో కొట్టేవాణ్ణో చూస్తున్నారు. ఆయన చుక్కనే చూస్తున్నాడు.

వాళ్ళ కుర్రాడు మంచి ఆటగాడు. గట్టిగా, మూలకి, నేలకి జానెడెత్తున కొట్టాడు. గోడ సరైన వైపే దూకాడు. ఎప్పుడూ సరైన వైపే దూకేవాడు, పాపం. చేతివేళ్ళు బంతి దారిలోకి వెళ్ళాయి, మధ్యవేలి చివర తగిలింది. బంతి పోస్టుకి కొట్టుకుని, గీత మీద ఒక్క క్షణం ఆలోచించుకుని, బయటికి దొర్లింది. అన్న అక్కడే ఉన్నాడు. దాన్ని స్టాండు మీంచి, రోడ్డు మీంచి, బస్టాపు అవతలికి తన్నాడు. ఆ కిక్కు మాత్రం నిజంగా రాకెట్టే.

ఆ తర్వాత నాలుగు నిమిషాలు ఏం జరిగిందో నా వీడియోలో కూడా లేదు. కెమెరా ఆకాశం వైపు తిరిగి ఉంది. సున్నా-సున్నా. ఉన్నాం.

ఇంటికెళ్ళాక లెక్క కట్టాను. ఆ వేగానికి మూరెడు దూరం దాటడానికి బంతికి సెకనులో యాభై అయిదో వంతు పడుతుంది. ఆ కాస్తలో దూకుతున్న మనిషి చెయ్యి ఒక బెత్తెడు ముందుకెళ్తుంది. గోడ వేలు బంతిని తాకింది బెత్తెడులో సగంతో. పాత చుక్క అయితే తాకేదే కాదు. ఈ లెక్క ఎవరికీ చూపించలేదు. సోమవారం ఆ ఇంట్లో "శనివారం అయ్యాక మారుద్దాం" అన్నది ఎవరో మాకు ముగ్గురికీ తెలుసు.

మ్యాచ్ అయిపోయాక షెడ్డు ముందు గోడని భుజాల మీద మోస్తున్నారు. వాడు గ్లవ్ తీసి వేలు అందరికీ చూపిస్తున్నాడు. "ఇదిగో, ఇక్కడ. ఈ చివర. బాబాయ్, నీ మూరెడు నాకు ముట్టింది!"

ఆ గోలలోనే అమ్మ ముందుకొచ్చింది. చేతిలో బుట్ట అలాగే ఉంది.

"తాడు తెంపింది నేను," అంది గట్టిగా. "ముడేసింది కూడా నేనే. ఆయన కాదు."

గంటలు, ఈలలు, పాట. ఒక్కరికీ వినబడలేదు. పక్కనే ఉన్న నాన్నకీ నాకూ తప్ప.

"సరేలే," అన్నాడు నాన్న. "ముందు వీళ్ళ దగ్గర ఆ సాక్సులు విప్పించు. వదిలేస్తే వాటితోనే పడుకుంటారు."

అమ్మ మొహం తిప్పుకుని బుట్ట సర్దుకుంది. కాసేపయ్యాక చూస్తే గోడ కాళ్ళు పట్టుకుని, "దిగరా, దిగు, సాక్సులివ్వు," అని లాగుతోంది.

*

పది రోజులకి లీగ్ నుంచి ఉత్తరం వచ్చింది. రెండు జట్లూ ఒకే చుక్క మీంచి కొట్టాయి కాబట్టి ఫలితాలేవీ మారవనీ, ఇకమీదట తాడు వాడొద్దనీ. నాన్న దాన్ని షెడ్డు గోడకి మేకు పెట్టి కొట్టాడు. ఉచ్చు తగిలించే పాత మేకే అది.

తాడు ఇప్పుడు మా పెరట్లో ఉంది. ఈ గోడ నుంచి ఆ గోడకి, అధికారికంగా. దాని మీద జెర్సీలారుతుంటాయి. నీలం ముడి దగ్గర మాత్రం అమ్మ ఏమీ ఆరెయ్యదు.

కొత్త సీజన్ మొదటి మ్యాచ్ పొద్దున నాన్న నన్ను నిద్ర లేపాడు. గ్రౌండ్ మీద మంచు ఇంకా ఆరలేదు. స్టీలు టేపు కొసని నా చేతిలో పెట్టి, తను డబ్బా పట్టుకుని గోల్‌కి దూరంగా నడవడం మొదలుపెట్టాడు. గీత మీద మోకాళ్ళూని టేపు కొసని వేలితో నొక్కి పట్టుకున్నాను.

"సున్నా గీత మీదే ఉందా?" అని అక్కణ్ణించి అరిచాడు.

"ఉంది."

"మళ్ళీ చూడు."

మళ్ళీ చూశాను. "ఉంది నాన్నా."

ఆయన ఇంక నన్ను అడగలేదు. వంగి సున్నం పోశాడు.